పెళ్లి ఆదివారాలు

"మేడమ్ సంతకం పెట్టేశారమ్మా!"

ఫోన్లో కోర్టు క్లర్కు లక్ష్మీప్రసాద్ గారి గొంతు. సోమవారం పొద్దున్న ఏడున్నర. నా చేతిలో అట్లకాడ, పొయ్యి మీద మూకుడులో దిబ్బరొట్టె, వంటింటి గట్టు మీద జానెడు ఎండ. "మళ్లీ చెప్పండి" అన్నాను. ఆయన మళ్లీ చెప్పారు. మూడోసారి కూడా చెప్పించుకునేదాన్నే గానీ ఈలోపు రొట్టె మాడు వాసన వేసింది.

శుక్రవారం సాయంత్రం ఫ్యామిలీ కోర్టు జడ్జి మేడమ్ బల్ల మీద నేను ఒక కాగితం పెట్టి, ఆవిడ తలెత్తేలోపే బయటికి వచ్చేశాను. విడిపోతున్న భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు పేజీలకు పేజీలు రాసుకునే బదులు, వకీళ్లు లేకుండా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెడదాం, పిల్లల సంగతి వరకూ ఇద్దరి చేతా ఒకే కాగితం రాయిద్దాం అని అందులో అడిగాను. ఆ కాగితంలో వాది ఉండడు, ప్రతివాది ఉండడు. అమ్మ ఉంటుంది, నాన్న ఉంటాడు. బిడ్డ ఏ రోజు ఎవరి దగ్గర ఉంటుందో ఉంటుంది. అంతే. పెళ్లై విజయనగరం నుంచి భిలాయి వచ్చి, రెండు నెలలుగా ఆ కోర్టులో కౌన్సెలరుగా కూర్చుంటున్న ఇరవై ఆరేళ్ల పిల్ల మాటని ఆవిడ చదువుతారని నేననుకోలేదు.

"చదవడమే కాదమ్మా సుప్రియా, పక్కన ఎర్ర సిరాతో రాశారు. మూడు నెలలు చేసి చూడండి అని. ఇరవై ఫైళ్లు ఇచ్చారు. మొదటిది ఇవాళ మధ్యాహ్నం మూడింటికే. రాజాబాబు, వనజాక్షి."

ఎగిరి గంతేయబోయినదాన్ని అక్కడే ఆగాను. ఆ ఫైలు నాకు తెలుసు. రాజాబాబు ఉక్కు ప్లాంటులో రోలింగు మిల్లు ఆపరేటరు. వనజాక్షి టీచరు. ఏడేళ్ల కూతురు పండు వాళ్లమ్మతో భిలాయి-3 పేటలో, తాతగారింట్లో ఉంటుంది. ప్రతి ఆదివారం పది నుంచి ఐదు దాకా పండు నాన్న దగ్గర ఉండాలని ఆగస్టులో కోర్టు చెప్పింది. అప్పటి నుంచి ఇప్పటికి ఇరవై ఏడు ఆదివారాలు. నాన్న వచ్చింది పదకొండు. ఇక ఆ ఆదివారాలు కూడా ఆపించేయమని వనజాక్షి వకీలు వేసిన పిటిషను రేపు, మంగళవారం, విచారణకి వస్తుంది.

"ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం రేపు పదకొండు లోపల మేడమ్ బల్ల మీద ఉండాలి" అన్నారు లక్ష్మీప్రసాద్ గారు. "లేకపోతే పిటిషను వింటారు. విన్నారంటే... ఇరవై ఏడుకి పదకొండమ్మా. ఎవరు మాత్రం ఏం చేస్తారు?"

మా ఆయన యుగంధర్‌కి చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అతను ఫస్ట్ షిఫ్ట్. ఆరింటికే మిల్లులోకి వెళ్లిపోయాడు. రెండు దాటితే గానీ ఫోను చేతికి రాదు. మా నాన్నగారు తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్లి ఆరింటికి ఇంటికొచ్చే మనిషి. మా ఆయన ఒక వారం తెల్లారకుండానే వెళ్తాడు, ఒక వారం నేను వచ్చేసరికి ఉండడు, ఒక వారం పగలంతా దుప్పట్లో ఉంటాడు. అందుకని ఫ్రిజ్ తలుపు మీద అతని షిఫ్టుల చార్టు అంటించి, గళ్లకి రంగు పెన్సిళ్లతో రంగులేస్తుంటాను. ఫస్ట్ షిఫ్ట్ పసుపు, సెకండ్ షిఫ్ట్ ఆకుపచ్చ, నైట్ నీలం, సెలవు ఎరుపు.

ఆదివారాలన్నీ ఎరుపే! పెళ్లైనప్పటి నుంచి పన్నెండు ఆదివారాలు, పన్నెండు ఎర్ర గళ్లు. "షిఫ్టులవాళ్లకి ప్రతి ఆదివారం సెలవెలా ఇస్తారు?" అని ఒకసారి అడిగితే, "మావాళ్లు ఇచ్చిన గిఫ్ట్ యార్" అని నవ్వేశాడు. నేనూ ఇంకేమీ అడగలేదు. గిఫ్టులని ఎవరు విప్పి లెక్క చూస్తారు? నిన్న పన్నెండో ఆదివారం సివిక్ సెంటర్లో చాట్ తిన్నాం. స్కూటీ నేను నడిపాను. వెనక కూర్చుని అతను నా చెవిలో పాట పాడాడు, సగం హిందీ, సగం తెలుగు, రెండూ తప్పే. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఇవాళ్టి పసుపు గడిలో 'సంతకం అయింది!' అని బుల్లి అక్షరాలతో రాసి, పెన్సిళ్ల డబ్బా బ్యాగులో పడేసుకున్నాను. కోర్టుకి వచ్చే పిల్లలకీ నాకూ కలిపి అదొక్కటే డబ్బా.

* * *

మాకిచ్చిన గదిలో మొన్నటిదాకా పాత రికార్డులు ఉండేవి. లక్ష్మీప్రసాద్ గారూ నేనూ కలిసి దుమ్ము దులిపాం. కిటికీ తలుపులు రంగేసి మూసేస్తే అలాగే అతుక్కుపోయి ఉంటే, ఆయన స్కేలు పెట్టి తెరిచారు. తెరవగానే ఎదురుగా మోదుగ చెట్టు, కొమ్మల నిండా నల్లటి మొగ్గలు, అక్కడక్కడ నిప్పురంగు. ఇలాంటి కిటికీ ఉన్న గదిలో మనుషులు ఎంతసేపని పోట్లాడుకోగలరు అనిపించింది. గుండ్రటి బల్ల క్యాంటీన్‌ది. మూడు కుర్చీలూ ఒకే రకానివి ఉండాలని పట్టుబట్టి తెప్పించాను.

వనజాక్షి ముందు వచ్చింది. బడి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ల మీద సుద్దపొడి. చేతిలో చిన్న డైరీ. ఐదు నిమిషాలకి రాజాబాబు వచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి, ఎర్రబడిన కళ్లతో. నైట్ షిఫ్ట్ వారం. పగటి నిద్ర సగంలో లేచి వచ్చాడని కళ్లే చెబుతున్నాయి.

"ఎక్కడ కూర్చోవాలి?" అంది వనజాక్షి. కోర్టు హాల్లో ఆవిడ ఎప్పుడూ కుడివైపు, అతను ఎడమవైపు.

"గుండ్రటి బల్లే కదా, ఎక్కడైనా" అన్నాను. "ఇక్కడ ఒక్కటే నియమం. 'ఎందుకు' అని ఒకళ్లనొకళ్లు అడగొద్దు. 'ఎప్పుడు' అనే అడుగుదాం."

"అదేటి మేడమ్?" అన్నాడు రాజాబాబు. "ఆర్నెల్ల నుంచీ అదాలత్‌లో అందరూ ఎందుకూ ఎందుకనే కదా అడుగుతన్నారు."

"ఏమైనా తేలిందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

వనజాక్షి డైరీ తెరిచి బల్ల మధ్యకి జరిపింది. ఎప్పుడు అన్నదానికి ఆవిడ దగ్గర జవాబు తయారుగా ఉంది. ఒక్కో వరసకి ఒక్కో ఆదివారం తేదీ. వచ్చిన రోజుకి టిక్కు, రాని రోజుకి ఇంటూ.

"చూసీరా మేడమ్?" అన్నాడతను. "మొగుడికి కూడా అటెండెన్స్ రిజిష్టరే."

"మొగుడికి కాదు. పండు నాన్నకి" అంది ఆవిడ, తల ఎత్తకుండానే.

ఆగస్టు నుంచి నవంబరు పదహారు దాకా పదిహేను వరసల్లో పది టిక్కులున్నాయి. ఆ తర్వాత పన్నెండు వరసల్లో ఒక్కటే టిక్కు. మిగతావన్నీ ఇంటూలు, ఒకదాని కింద ఒకటి, బిగించి కుట్టినట్టు.

"మీ షిఫ్టుల చార్టు ఉందా?" అని రాజాబాబుని అడిగాను. ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకున్నాడు. నేను పెన్సిళ్ల డబ్బా బయటికి తీశాను. "మీ డైరీలో రంగులు వేయొచ్చా? పెన్సిలే, చెరిగిపోతుంది."

వనజాక్షి నా వంక వింతగా చూసి సరేనంది. ఆ చివరి పన్నెండు వరసల్లో అతను ఒక్కో తేదీకి షిఫ్టు చెప్పాడు. నేను ఆ వరస పక్కన రంగు దిద్దాను. పసుపు. ఆకుపచ్చ. నీలం. పసుపు. ఆకుపచ్చ. నీలం. ఏ రంగు ఏమిటో నేను చెప్పనేలేదు. ఆరు వరసలయ్యేసరికి వనజాక్షే వేలు పెట్టింది.

"నీలం నైటు. అవునా? మా నాన్న గణపతిరావు గారు ముప్పై రెండేళ్లు ఇదే ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో చేశారు మేడమ్. ఈయన నాకు షిఫ్టుల గురించి చెప్పక్కర్లేదు. తెలుసు గనకే కోపం. మా నాన్న షిఫ్టులు మార్చుకుని మరీ నా స్కూల్ ఫంక్షన్లకి వచ్చేవారు."

"మార్చుకున్నాను కదా!" అన్నాడు రాజాబాబు. "నవంబర్ దాకా వొచ్చిన పదిట్లో ఆరు మార్చుకున్నవే. ఒకడి డ్యూటీ నాను చేసి, నా డ్యూటీ ఆడి చేత చేయించి, డబుల్ కొట్టి వొచ్చాను."

పన్నెండు వరసల్లో రంగులన్నీ పూర్తయ్యాయి. నాలుగు పసుపు, నాలుగు ఆకుపచ్చ, నాలుగు నీలం. ఆ ఒక్క టిక్కు ఒక నీలం పక్కన ఉంది.

"డిసెంబరు ఏడు" అంది వనజాక్షి. "మైత్రీబాగ్ పార్కులో బెంచీ మీద పడుకుండిపోయిన రోజు."

ఆ రోజు గురించి పిటిషన్లో తొమ్మిదో పేరా ఉంది. మద్యం మత్తులో బిడ్డని గాలికి వదిలేసి నిద్రపోయాడని.

"పొద్దున్న ఆరింటికి నైట్ దిగాను. స్నానం చేసి పదింటికి మీ ఇంటి ముందున్నాను. పండు జారుడుబల్ల ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. అంతవరకే గుర్తుంది. తాగినేదు వనజా. తొమ్మిదేళ్లు చూశావు. నువ్వే చెప్పు, నాను తాగే మనిషినేటి?"

వనజాక్షి చీర మీది సుద్దపొడి దులుపుకుంది. లేని చోట కూడా దులుపుకుంది.

"నేను నిద్రపోయాడనే చెప్పాను. మత్తు అన్నది వకీలు గారు రాశారు. ఉత్త నిద్ర అంటే కేసు నిలబడదమ్మా అన్నారు. ఇంగ్లీషులో పద్నాలుగు పేజీలు. బడికి టైమైపోతోందని సంతకం పెట్టేశాను." గొంతు తగ్గించి అంది. "పండు ఇంటికొచ్చి ఏమందో తెలుసా? నాన్న పడుకుంటే నేను కాపలా కాశానమ్మా, ఎవరూ చెప్పులు ఎత్తుకెళ్లకుండా, అంది."

రాజాబాబు నవ్వబోయి మొహం తిప్పుకున్నాడు. "అవును. లేచేసరికి రెండు చెప్పులూ ఒళ్లో పెట్టుకొని కూచుంది."

కిటికీలోంచి గాలి వచ్చి డైరీ పేజీ లేచింది. నేను దాని మీద పెన్సిలు పెట్టాను. నేనేమీ మాట్లాడకుండా ఉండటమే నా పని అని చదువుకునే రోజుల్లో మా కాలేజీ మేడమ్ చెప్పేవారు. అదెంత కష్టమో ఆవిడ చెప్పలేదు.

"మిగతా మూడు నీలాలు?" అంది వనజాక్షి.

"రెండుసార్లు భయపడ్డాను. ఎర్ర కళ్లేసుకొని వొస్తే మళ్లీ తాగొచ్చాడని రాస్తారని. ఇంకోసారి..." చార్టు చూడకుండానే చెప్పాడు. "జనవరి పద్దెనిమిది. పడుకుండిపోయాను. అలారం మోగితే ఆపీసాను. లేచేసరికి నాలుగైపోయింది. అంతే. ఇంకేటీ నేదు."

ఇప్పుడు పేలుతుంది అనుకున్నాను. వనజాక్షి అతన్ని నేరుగా చూసింది. ఆ గదిలోకి వచ్చాక అదే మొదటిసారి.

"ఆ రోజు పండు పదింటి నుంచి ఒంటిగంట దాకా బూట్లు విప్పలేదు."

అతను తల దించుకున్నాడు.

"మీ వకీలు ఇచ్చిన జవాబులో ఆ రోజుకి 'అనివార్య కారణాల వల్ల' అని ఉంది. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఏం అనివార్యం, కూతురి కంటే! పడుకుండిపోయాను అని ఒక్క ముక్క ఉంటే... తిట్టేదాన్ని. తిట్టి ఊరుకునేదాన్ని."

"రాయమన్నాను. అలాంటివి కోర్టులో ఒప్పుకోకూడదన్నారు. నీకు ఫోన్ కూడా చెయ్యొద్దన్నారు. ఏటి మాట్లాడినా కాగితమెక్కుతాదని."

"నాకూ అదే చెప్పారు" అంది ఆవిడ. ఇద్దరూ ఒకేసారి బల్ల వంక చూశారు.

నాలుగు కావస్తోంది. నా లోపల ఎవరో మెల్లగా చప్పట్లు కొడుతున్నారు. ఇంకొక్క అరగంట, కాగితం రాసేస్తారు అనుకున్నాను.

వనజాక్షి పసుపు, ఆకుపచ్చ వరసల మీద వేలు పోనిచ్చింది. "అయినా ఏ షిఫ్టు మనిషికీ పన్నెండు ఆదివారాలు వరసగా డ్యూటీ పడదు. మా నాన్నకి ఒక్కసారీ పడలేదు. ఎందు..." నాలుక కరుచుకుని నా వంక చూసింది. "సరే. ఎప్పటి నుంచి ఇలా?"

"నవంబర్ ఇరవై మూడు నుంచి."

నా పెన్సిలు వేళ్ల మధ్యే ఉండిపోయింది. నవంబరు ఇరవై, గురువారం, నా పెళ్లి.

"పెళ్లి ఆదివారాలు, వనజా" అన్నాడు రాజాబాబు.

వనజాక్షి "ఓ" అంది. అంతే, ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. అతను నాకోసం విడమరిచి చెప్పాడు.

"మా సెక్షన్ రివాజు మేడమ్. క్యాబిన్లో కూచుని మిల్లు నడిపినోళ్లం నలుగురమే. మూడు షిఫ్టులకి ముగ్గురు, ఒకడికి ఆఫ్. ఎవుడికైనా పెళ్లయితే పన్నెండు ఆదివారాలు ఆడికి వొదిలేస్తాం. కొత్త కాపురం కదా. అంటే మిగతా ముగ్గురికీ ఆదివారమన్నది ఉండదు. మూడు నెల్లే, గడిచిపోతాయి. నా పెళ్లికీ అలాగే ఇచ్చారు."

"పన్నెండూ తిరిగాం" అంది వనజాక్షి కిటికీ వైపు చూస్తూ. "పన్నెండో వారం పకోడీలు తింటూ ఏడ్చాను మేడమ్. వచ్చే వారం ఈయన లేకుండా ఆదివారం ఎలా గడుస్తుందా అని." వెంటనే గొంతు మారింది. "నాకు కోర్టు ఇచ్చిన ఆదివారాలున్నాయి, ఇవ్వలేను అని చెప్పొచ్చు కదా!"

"చెప్తే ఏటైందని అడుగుతారు. మన సంగతి సెక్షన్లో ఎవుడికీ తెలీదు. నువ్వు భిలాయి-3లో ఉన్నావనే చెప్పాను, మావయ్యకి ఒంట్లో బాగోలేదని."

"మా నాన్న రోజుకి ఐదు కిలోమీటర్లు నడుస్తున్నాడు!"

"అవునా? మా సెక్షనోళ్లు ఆయన కోసం మొక్కుకున్నారు కూడా." అతను నవ్వాడు, నవ్వు నిలవలేదు. "అయినా నాను తీసుకున్నాను కదా పన్నెండు. తిరిగి ఇచ్చే రోజొస్తే నోరెలా వొస్తాది? ఆ కుర్రోడు మంచోడు, యుగంధర్ అని. ఆంధ్రా నుంచి చదూకున్న పిల్లని చేసుకున్నాడు. సోమవారం డ్యూటీకొస్తే ఆడి మొహం చూడాలి మీరు, లడ్డూలు తిన్నట్టుంటాది."

నా ఫ్రిజ్ తలుపు కళ్ల ముందుకొచ్చింది. పన్నెండు ఎర్ర గళ్లు. డైరీలో పన్నెండు వరసలు. అవే తేదీలు. నేను స్కూటీ మీద నవ్వుకుంటూ తిరిగిన ప్రతి ఆదివారం, భిలాయి-3లో ఒక పిల్ల పొద్దున్నే బూట్లు వేసుకుని కూర్చుంది.

చెప్పకపోతే వీళ్లకి తెలియదు. ఇవాళ తెలియదు, బహుశా ఎప్పటికీ తెలియదు. కాగితం అరగంట దూరంలో ఉంది. కానీ 'అనివార్య కారణాలు' అన్న మాట ఇంకా చెవిలో వినబడుతూనే ఉంది.

"రాజాబాబు గారూ" అన్నాను. "ఆ చదువుకున్న పిల్లని నేనే."

అతను కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాడు. "అరె! భాభీ! మీరా? ఫంక్షన్‌కి నాను రానేదు కదా, ఆ రోజు మిల్లు ఎవుడో ఒకడు నడపాలి కదా... కూచోండి భాభీ, నిలబడ్డారేటి!"

నిలబడింది అతనే. నేను కూర్చునే ఉన్నాను. వనజాక్షి ఫక్కున నవ్వింది. అంత హాయి నవ్వు ఆ మనిషిలో ఉందని ఫైలు చూసినవాళ్లెవరూ నమ్మరు. అతను కూడా తడబడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేననుకున్నట్టే ఆవిడ నవ్వు ఆగింది.

"అంటే మీరు ఆయన వైపు మనిషే కదా" అంది. కోపంగా కాదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"ఈ ఫైలు తీసుకునేటప్పుడు తెలియదు. ఇప్పుడే తెలిసింది. తెలిశాక చెప్పకుండా ఉండలేకపోయాను. నన్ను నమ్మాలో వద్దో మీరే చెప్పండి."

ఆవిడ నా ముందున్న తెల్లకాగితం తీసుకుని, బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో తనే రాయడం మొదలుపెట్టింది. మధ్య మధ్యలో అతన్ని అడిగింది. అతను చెప్పాడు. కాగితం ఇలా తయారైంది. ఆదివారం సెలవు పడిన వారం పండు రోజంతా నాన్న దగ్గర. పడని వారం, నాన్నకి ఏ రోజు సెలవైతే ఆ రోజు బడి వదిలాక ఎనిమిది దాకా. నైట్ దిగిన పొద్దున్న వద్దు. నెల షిఫ్టుల చార్టు రాగానే ఫోటో తీసి అమ్మకి పంపాలి. చివరి వాక్యం మాత్రం ఎవరినీ అడగకుండా రాసింది: 'పడుకుండిపోతే, పడుకుండిపోయానని చెప్పాలి.'

రాజాబాబు నిలబడే సంతకం పెట్టాడు. ఆవిడ పెట్టలేదు. కాగితం మడిచి డైరీలో పెట్టుకుంది.

"ఇంటికెళ్లి ఆలోచిస్తాను" అని వెళ్లిపోయింది.

వరండాలో లక్ష్మీప్రసాద్ గారు విషయమంతా విని తల పట్టుకున్నారు. "బయటపడక్కర్లేదు కదమ్మా! సరే, అయిందేదో అయింది. మేడమ్‌కి మాత్రం చెప్పకు. చెబితే, ఒక వైపు మనిషివని, నీ చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. ఇంకో కౌన్సెలరా, లేరు. పదకొండింటికి పిటిషను వినాల్సిందే. ఆ పాపకి నాన్న ఉండడు. చూసుకో మరి."

* * *

ఇంటికొచ్చేసరికి యుగంధర్ టీ పెడుతున్నాడు. బల్ల మీద జిలేబీ పొట్లం. 'సంతకం అయింది!' కింద నీలం పెన్సిలుతో 'బధాయి హో మేరీ వకీల్ సాబ్!' అని తెలుగు అక్షరాల్లో అభినందనలు రాశాడు. నేను వకీలుని కాదని వందసార్లు చెప్పాను.

గదిలో మాటలు కోర్టు గేటు దాటకూడదు. అందుకని జిలేబీ చేతిలో పట్టుకుని ఒక్క సంగతే అడిగాను. "నీకు ఆదివారాలు గిఫ్టుగా ఇచ్చారే, వాళ్లలో ఎవరికైనా ఇబ్బందేమో అడిగావా?"

"అడగడమేంటి? రివాజు హై నా. రేపు ఇంకొకడి పెళ్లైతే నేనూ ఇస్తా." చెంచా తిప్పుతున్న చెయ్యి ఆగింది. నా మొహం చూశాడు. మూడు నెలల్లోనే నా మొహం చదవడం వచ్చేసింది అతనికి. "రాజా భయ్యా మధ్య ఒకటి రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. నేను జోక్ చేసి వదిలేశా... సుప్రియా, ఏమైనా ఉందా?"

"నేనేమీ చెప్పలేను."

"చెప్పకు" అన్నాడు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. పదమూడో ఆదివారం గడి, వచ్చే ఆదివారం. పెళ్లి కానుక అయిపోయినా, మామూలు వంతు ప్రకారం ఆ సెలవు కూడా అతనికే పడింది. నేను నిన్ననే మురిసిపోతూ ఎర్ర రంగు దిద్దాను. అతను రబ్బరు తీసుకుని మెల్లగా చెరిపాడు. చెరిగినంత చెరిగింది. లేత గులాబీ మిగిలింది. దాని మీద 'రాజా' అని రాశాడు.

"నువ్వేం చెప్పలేదు, నేనేం అడగలేదు" అన్నాడు. "ఆదివారం నేను డ్యూటీలో ఉంటా. నువ్వొక్కదానివే చాట్ తినకు."

అప్పుడే ఫోను మోగింది. వనజాక్షి. వెనక నుంచి పండు ఎక్కాలు చదువుతున్న గొంతు.

"మేడమ్, రేపు పదిన్నరకి వస్తాను. వకీలు గారికి ఇంకా చెప్పలేదు. కాగితం డైరీలోనే ఉంది. మీరు జడ్జి గారికి చెప్తారా, ఆ ఆదివారాలు ఎవరికి వెళ్లాయో?"

"చెబితే కాగితం పక్కన పెట్టేయొచ్చు" అన్నాను. "అప్పుడు పిటిషను వింటారు."

"తెలుసు. మీ క్లర్కు గారు ఫోన్ చేసి నాకూ చెప్పారు." పండు ఎక్కం 'ఏడేళ్లు' దగ్గర తప్పిపోయింది. ఆవిడ ఫోను పక్కకి పెట్టి సరిచేసి మళ్లీ వచ్చింది. "దాచి తెచ్చిన కాగితమైతే మాత్రం నేను సంతకం పెట్టను. దాచిన మాటలతోనే ఆర్నెల్లు గడిచాయి. మీరు చెప్పండి. ఆవిడ ముందే, మీరు చెప్పడం విన్నాకే, పెన్ను తీస్తాను. తర్వాత ఆవిడ ఇష్టం."

ఫోను పెట్టేశాక ఎర్ర పెన్సిలు తీసి, రేపటి గడిలో 'పదిన్నర' అని రాశాను. యుగంధర్ చల్లారిన టీ మళ్లీ వేడి చేసి తెచ్చి ఇచ్చాడు. ఏమీ అడగలేదు.

రేపు పదిన్నరకి, మేడమ్ కుర్చీలో కూర్చోగానే, ఎవరూ నోరు విప్పకముందే మొదటి మాట నేనే మాట్లాడతాను. "మేడమ్, ఈ ఫైల్లో రెండు పేర్లే ఉన్నాయి. మూడోది కూడా రాయాలి" అంటాను. ఎవరిదని ఆవిడ అడుగుతారు. నా పేరు చెప్తాను.